చెకింగాయన కేక

చెకింగాయన దేవుణ్ణి పూర్తిగా నమ్ముతారు. దేవుడికి ప్రార్థన చేస్తున్నామని చెప్పే మనుషుల్ని మాత్రం బొత్తిగా నమ్మరు. ఉద్యోగమంతా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఏదో ఒక మలుపులో చెయ్యెత్తి బస్సు ఆపి, ఎక్కి, ఒకసారి ముఖాలన్నీ చూసి టికెట్ లేనివాణ్ణి పసిగట్టేవారు. ఉద్యోగం అయిపోయింది గాని ఆ చూపు రిటైరవలేదు. తనిఖీ చేయడానికి బస్సులు లేకపోయేసరికి అది ఇంటి మీదా చర్చి మీదా పడింది.

"మీ కోసం ప్రార్థిస్తాను" అనే మాట ఆయన ఎదుట అనడానికి ఆ వీధిలో ఎవరికీ ధైర్యం చాలదు. తెలియక అన్నవాళ్ళ పని అయిపోయినట్టే. ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు చర్చిలో పాటల బృందాన్ని నడిపే పెద్దమనిషి పళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, గొంతు బాగా తగ్గించి, "మీ కోసం రోజూ ప్రార్థిస్తున్నామండీ" అన్నాడు.

"రోజూనా?"

"రోజూనండి."

"పొద్దునా, సాయంత్రమా?"

"అంటే... పొద్దున్నేనండి."

"ఇవాళ్టిది అయిందా?"

పాటల పెద్దమనిషి పళ్ళ సంచీ వైపు చూశాడు. పళ్ళేమీ సాయం చేయలేదు. "ఇవాళ కాస్త హడావిడిగా బయల్దేరానండి" అన్నాడు.

"ఏం పర్లేదు. వరండాలో బెంచీ ఉంది, చేసి రండి. నేనెక్కడికీ పోను."

అతను నిజంగానే వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, చేసి వచ్చాడు. వచ్చాక చెకింగాయన అతని ముఖం పరీక్షగా చూసి, "ఇది చేసిన ముఖం" అని పక్కనున్న కోడలికి సర్టిఫై చేశారు.

కోడలిది కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షించే పని. కనపడని అక్షరాన్ని కనపడిందని బుకాయించేవాళ్ళను పొద్దస్తమానం చూస్తుంటుంది కాబట్టి మామగారి అనుమానాలు ఆమెకు వింతగా అనిపించేవి కావు. పైగా నవ్వొచ్చేవి. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆయన ఒక్కరే తెరుచుకుని కూర్చుంటారు. మరీ గట్టిగా కళ్ళు మూసుకున్నవాడు నిద్రపోతున్నాడని, కప్పు వైపు చూసేవాడు ఇంటికెళ్ళి తినబోయేదాని గురించి ఆలోచిస్తున్నాడని, అందరికంటే ముందే ఆమెన్ అనేవాడు నిన్నటి టికెట్టే ఇవాళ చూపిస్తున్నాడని ఆయన లెక్క. ఫాదర్ గారిని కూడా వదల్లేదు. ఒక ఆదివారం పూజ అవగానే గుమ్మం దగ్గర పట్టుకున్నారు.

"మౌనంగా ప్రార్థిద్దాం అన్నారు ఫాదర్ గారూ. మేమింకా మొదలుపెట్టనే లేదు, మీరు లేచిపోయారు. అంతలోనే ఏం ప్రార్థించారు?"

ఫాదర్ గారు కుర్రవాడు, నిజాయితీపరుడు. "మైకు పనిచేస్తోందా లేదా అని చూశానండీ" అని ఒప్పుకున్నారు. తర్వాతి ఆదివారం నుంచి ఆ మౌనం ఎంత పొడుగైందంటే వెనక బెంచీల్లో కొందరు గురకపెట్టారు.

ఇదంతా కోడలికి వేడుకగానే ఉండేది, తను కూడా టికెట్ లేని ప్రయాణికురాలు అయ్యేదాకా.

ఆమె తల్లి ఆ ఏడాదే పోయింది. నెలల తరబడి ఆసుపత్రిలో పక్కనే ఉండి, ఒళ్ళు తుడిచి, ఇటూ అటూ తిప్పి పడుకోబెట్టింది ఆమే. ఆఖరి వారంలో వచ్చిన చెల్లెలు, తల్లి వీపు మీద పుండు చూసి, నర్సులందరి ముందూ "నువ్వు సరిగ్గా చూసుకుని ఉంటే అమ్మకిలా అయ్యేదా" అంది. సమాధి దగ్గర అక్కాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఆ రోజు నుంచి చెల్లెలి ఫోన్ ఎత్తలేదు.

ఆ ఇంట్లో రోజూ సాయంత్రం జపమాల చెప్పుకుంటారు. పరలోక జపంలో మొదటి సగం అత్తగారు చెబుతారు, రెండో సగం మిగతావాళ్ళు అందుకుంటారు. మాకు తప్పు చేసినవాళ్ళను మేము మన్నించినట్టే మమ్మల్నీ మన్నించమని అడిగే వాక్యం ఆ రెండో సగంలో ఉంటుంది. అది కోడలి నోటికి రావడం మానేసింది. తను మన్నించలేదు. మన్నించానని రోజూ దేవుడితో అబద్ధమాడటం ఆమె వల్ల కాలేదు. అందుకని అక్కడికి రాగానే పెదవులు మూసుకుని, ఆ తర్వాత మెల్లగా కలిసిపోయేది.

ఆమె భయమల్లా అత్తగారికి తెలిసిపోతుందేమోనని. అత్తగారి మనసు వెన్న, చెవులు పాము చెవులు, కడుపులో మాత్రం ఏదీ దాగదు. ఆమెకు తెలిసిన మర్నాడే చర్చి మహిళా సంఘం మొత్తం, "చెల్లెల్ని మన్నించలేకపోతున్న మా కోడలి కోసం" అని మోకరించి ప్రార్థిస్తుంది. తన గుండెల్లోని నొప్పి అలా పదిమంది నోళ్ళలో పడటం తలచుకుంటేనే కోడలికి చెమటలు పట్టేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మామగారికి కొత్త జబ్బు పట్టుకుంది. జపమంతా మామూలు గొంతుతో చెబుతారు. మన్నింపు వాక్యం దగ్గరికి రాగానే మాత్రం, బస్సు వెనక నిలబడి డ్రైవర్ని పిలిచినట్టు ఒక్క కేక. వాక్యం అయిపోగానే మళ్ళీ మామూలు గొంతు. పది పూసలు తిరిగినప్పుడల్లా ఒక పరలోక జపం, ఒక కేక.

"దేవుడికి చెవుడేమీ లేదండీ" అన్నారు అత్తగారు.

"దేవుడి చెవుల సంగతి నాకు తెలుసులేవోయ్" అన్నారాయన.

కింది వాటాలో ఉండే దర్జీ మొదటి వారం ఓర్చుకున్నాడు. రెండో వారం చివర్లో మెట్లెక్కి ఒక నిచ్చెన తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"ఇదేంటి?" అన్నారు మామగారు.

"మీ నిచ్చెనేనండి. ఎప్పుడో తీసుకెళ్ళాను. మన్నిస్తున్నాం, మన్నిస్తున్నాం అని రోజూ నా నెత్తి మీద నిలబడి కేకలేస్తుంటే మా ఆవిడకు ముద్ద దిగడం లేదండి."

నిచ్చెన పోయిన సంగతే మామగారికి గుర్తు లేదు. అయినా దర్జీ ముఖం చూసేసరికి ఆయనకు అనుమానం వచ్చింది. "ఇంకా ఏమైనా ఉన్నాయా నీ దగ్గర?" అని అడిగారు. దర్జీ కిందికి వెళ్ళి డ్రిల్లింగ్ మిషన్ కూడా తెచ్చిచ్చాడు.

ఆదివారం చర్చిలోనూ అదే కేక. ఫాదర్ గారు కోడల్ని పక్కకు పిలిచారు.

"అమ్మా, మీ మామగారికి నా మీద కోపం ఇంకా తగ్గలేదా? రోజూ పొద్దున పూజకు ఒక్కరే వస్తారు, అప్పుడు మామూలుగానే చెబుతారు. ఆదివారమే అరుస్తారు. ఆదివారం నేను చేస్తున్న తప్పేంటో నాకర్థం కావడం లేదు."

కోడలు లెక్క కట్టుకుంది. పొద్దున పూజలో లేనిది, ఆదివారం ఆయన పక్కన ఉండేది తనే. కేక ఫాదర్ గారికి కాదు, దర్జీకీ కాదు. తనకే. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఇంట్లో అందర్నీ ఇవాళ్టిది చేశావా, ఎప్పుడు చేశావు అని పీక్కుతినే మనిషి ఈమధ్య తనను ఒక్కమాట కూడా అడగడం లేదు. ఈయన అంతా కనిపెట్టేశారు, అందరి ముందూ సూటిపోటి మాటలనడానికి బదులు జపంలోనే పొడుస్తున్నారు అనుకుంది. ఎంత కోపమొచ్చిందంటే మన్నించాల్సినవాళ్ళ లిస్టులో చెల్లెలి పక్కన మామగార్ని కూడా చేర్చింది. ఆ రోజు నుంచి ఆయన ఆమె ముఖం చూస్తే, ఆమె ఆయన ముఖం చూసేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తుంటే దొంగా పోలీసూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టు ఉండేది.

అలా ఉండగా మామగారికి దవడ పన్ను పీకారు. నోట్లో దూది కుక్కి, మర్నాటి దాకా నోరు తెరవద్దని డాక్టరు పంపించాడు. కోడలు మొదట హమ్మయ్య అనుకుంది. సాయంత్రం మోకరించాక గాని ఆమెకు సంగతి తెలిసిరాలేదు. భర్త సాయంత్రం షిఫ్టులో ఉన్నాడు. మామగారు మాట్లాడలేరు. రెండో సగం అందుకోవడానికి తనొక్కతే మిగిలింది.

అత్తగారు కళ్ళు మూసుకుని మొదటి సగం చెప్పి ఆపారు. కోడలు అందుకుంది. వాక్యం దగ్గర పడుతోంది. అబద్ధమాడాలా, దొరికిపోవాలా?

ఆ క్షణంలోనే స్టూలు మీదున్న స్టీలు పళ్ళెం, గ్లాసు భళ్ళున కింద పడ్డాయి.

"ఏమైందండీ?" అని అత్తగారు ఉలిక్కిపడ్డారు. మామగారు బుగ్గ పట్టుకుని, చెయ్యి తగిలిందని సైగ చేశారు. ఆ గోలలో వాక్యం దాటిపోయింది. రెండోసారి కుర్చీ పడింది. మూడోసారి ఆయన లేని దోమను చప్పట్లు కొట్టి చంపారు. నాలుగోసారికి గోడ గడియారం వైపు చెయ్యి చాచారు.

"పన్ను పీకించుకున్నారా, బుర్ర పీకించుకున్నారా?" అన్నారు అత్తగారు.

కోడలు మాత్రం ఆయన కళ్ళనే చూస్తోంది. ఆ కళ్ళు తన మీద లేవు. ఆయన రెప్పవేయకుండా చూస్తున్నది భార్య ముఖం. ఆమెకు అనుమానం వచ్చిందా లేదా అని. ఇన్నాళ్ళూ ఆ కేకలు తనను పొడవడానికి కాదని, తన మౌనం ఎవరికీ వినపడకుండా కప్పడానికని కోడలికి అప్పుడు తెలిసింది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఐదోసారి వచ్చేసరికి తనే కావాలని దగ్గింది.

మర్నాడు పొద్దున మామగారు బాల్కనీలో ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంటే వెళ్ళి నిలబడింది.

"మీకెప్పట్నుంచి తెలుసు మామయ్యా?"

"మొదటిరోజు నుంచీ."

"మరి నన్ను పట్టుకోలేదేం? ఫాదర్ గార్నే పట్టుకున్నారుగా."

ఆయన నీళ్ళు ఊసి, వాచిన బుగ్గను నిమురుకున్నారు.

"టికెట్ లేనివాడు వేరమ్మాయీ, టికెట్ వెతుక్కునేవాడు వేరు. జేబులు తడుముకుంటూ సంచీ తిరగేసుకుంటూ ఉంటారే, వాళ్ళ నెత్తిన నిలబడకూడదు. నిలబడితే కంగారులో ఉన్నది కూడా దొరకదు. పైగా బస్సంతా వాళ్ళనే చూస్తుంది. అందుకని మనం ముందు సీట్ల దగ్గరికెళ్ళి టికెట్, టికెట్ అని కేకలు పెట్టాలి. అందరూ మనల్ని చూస్తుంటారు. ఈలోగా వాళ్ళు వెతుక్కుంటారు."

"నేను వెతుక్కోవడం లేదు మామయ్యా. సంచీ మూసేసి కూర్చున్నాను."

"ఆ మాటే దేవుడితో చెప్పు. అది కూడా ప్రార్థనే" అన్నారాయన. ఇంకోసారి పుక్కిలించి ఊసి, "దాన్ని నేను నమ్ముతాను" అన్నారు.

నమ్ముతాను అనే మాట ఆయన నోట ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు.

ఆ సాయంత్రం ఆయన గొంతు తిరిగొచ్చింది. కేక చాటున కోడలు తన మాటలు తను చెప్పుకుంది. నాకు చేతకావడం లేదు ప్రభువా, మీరే ఏదైనా చెయ్యండి అంది. నోటికొచ్చిన జపాలన్నీ చిన్నప్పట్నుంచీ గడగడా అప్పజెప్పిన మనిషికి, ఆ తడబడిన మాటలే మొట్టమొదటి ప్రార్థనలా అనిపించాయి. రోజూ ఆ కేక ఉన్నంతసేపు ఏదో ఒకటి చెప్పుకునేది. నర్సుల ముందు పడ్డ అవమానం చెప్పింది. చెల్లెలి మీద తిట్లు కూడా చెప్పింది. ఒకరోజు చెబుతూ చెబుతూ, ఆ పుండు తనకు మెల్లమెల్లగా అలవాటైంది గాని చెల్లెలు ఒక్కసారిగా చూసిందన్న సంగతి తట్టింది. అమ్మ పోబోతోందని దానికి ఆ క్షణంలోనే తెలిసింది కాబోలు. ఆ మర్నాడు చెల్లెలి ఫోన్ మోగితే ఎత్తింది. చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు. ఆ సాయంత్రం వాక్యం మొత్తం చెప్పింది.

తీరా చెప్పాక, ఆయన కేకలో అది ఆయనకే వినపడలేదు.

"ఇక అరవక్కర్లేదు మామయ్యా, దొరికింది" అంది వంటింటి గుమ్మంలో.

ఆయన ఆమె ముఖాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. "సరేలే. అయినా ఇంకో వారం అరుస్తాను. ఇలాంటివి దొరికినట్టే దొరికి జారిపోతుంటాయి."

అన్నట్టే వారం అరిచి, ఆ తర్వాత గొంతు దించారు. జపం మామూలుగా సాగిపోయింది. అది అత్తగారికి మింగుడుపడలేదు. సిలువ గుర్తు వేసుకుని లేస్తూ ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

"అరిచినన్నాళ్ళు ఎందుకరిచారో చెప్పలేదు. ఇప్పుడెందుకు మానేశారో చెప్పడం లేదు. మామా కోడలూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు."

"మా చెల్లెలు రేపొస్తోంది అత్తయ్యా" అంది కోడలు.

అత్తగారి చేతిలో జపమాల ఆగిపోయింది. ఎంతోకాలంగా అడగాలనుకుని అడగలేకపోయినవన్నీ ఆమె ముఖంలోకి వచ్చాయి. "బస్టాండుకి ఎవరెళ్తారు మరి?" అని మాత్రం అన్నారు.

"నేనెళ్తాను" అన్నారు మామగారు. "ఒక్కణ్ణే వెళ్తాను. ముందు ఆ పిల్ల ముఖం చూడాలి నేను."

"దిగీ దిగగానే బెదరగొట్టకండి, పుణ్యముంటుంది."

"బెదరగొట్టనోయ్. ఏడ్చే ముఖమైతే తిన్నగా ఇంటికి తీసుకొస్తా. పోట్లాడే ముఖమైతే ఇంకో నాలుగు వీధులు తిప్పి తెస్తా."

కోడలు నవ్వుతూ పక్కగదిలోకి వెళ్ళి మంచం మీద దుప్పటి మార్చసాగింది.