వాడు సగంలో ఉంచిన తుపాకీ

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను వంజరం చేప కోస్తున్నాను. మాట్లాడింది నా కొడుకుతో పాటు వాడీ కబీర్‌లో వర్క్‌షాప్‌లో పనిచేసే నిజామాబాద్ అబ్బాయి. "అమ్మా, అన్న ఛాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నడు. పిలిస్తె పలుకుత లేడు. డాక్టర్ గూడ చూసిండు, గుండె ఆగిపోయిందన్నడమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఏడుపే వినిపించింది. నేను ఫోన్ పక్కన పెట్టి మిగిలిన చేప కోశాను. ఎందుకు కోశానో నాకే తెలియదు. ఉప్పు, పసుపు రాసి, గిన్నె మీద మూత పెట్టి, అప్పుడు కూర్చున్నాను. కూర్చోగానే మళ్ళీ లేచాను. ఆ రోజు నుంచి ఇంతవరకు నేను కుదురుగా కూర్చోలేదు. ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో లేచి పోయి పొయ్యి చూసి వస్తున్నాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మాది కడప పక్క. నేను చదివింది ఐదో తరగతే. ఇక్కడ గల్ఫ్‌లో, ఖురియాత్ అనే ఊర్లో ఒక అరబ్బు పెద్దాయన ఇంట్లో వంట చేస్తాను. ఆయనను ఇంట్లో అందరూ బాబా అంటారు, నేనూ అంతే. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన నా పేరు అడగలేదు, పెద్దకొడుకు పేరు అడిగాడు. ఈ దేశంలో ఆడమనిషిని కొడుకు పేరుతో పిలవడం మర్యాద. కొడుకు పేరుకు ముందు 'ఉమ్మ్' అని చేరుస్తారు, ఫలానావాడి తల్లి అని అర్థం. మా ఊర్లో నన్ను ఎవరూ అట్లా పిలవలేదు. ఇక్కడికి వచ్చినాకే రోజుకు ఎన్నిసార్లో నా కొడుకు పేరు నా చెవిన పడేది. ఉల్లిగడ్డలు కావాలన్నా ఆ పేరే, ఛాయ్ కావాలన్నా ఆ పేరే.

నా కొడుకు లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. పుర్రచేతివాటం వాడిది. చిన్నప్పుడు బడిలో ఎంత కొట్టినా ఆ చెయ్యి మారలేదు. దేన్నైనా విప్పి చూడాలి వాడికి. ఒకసారి మా ఇంటి తాళం విప్పి మళ్ళీ బిగించలేకపోతే, మేమంతా గోడ దూకి ఇంట్లోకి పోయాం. పెద్దయ్యాక కూడా కూర్చుంటే కాలు ఊపుతూనే ఉండేవాడు. "కాలు ఊపొద్దు రా" అంటే, "నేను ఊపలేదు మా, అదే ఊగుతాంది" అనేవాడు. పని దగ్గర మాత్రం ఆ కాలు ఆగిపోయేది. అది నేను నా కళ్ళతో చూశాను.

శుక్రవారం సెలవు రోజు ఖురియాత్ వచ్చి, మా వంటింటి వెనక మెట్టు మీద కూర్చునేవాడు. నేను రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టేదాన్ని. పోయేటప్పుడు నా పాత నూలు చీరల గుడ్డలు మూట కట్టుకొని పోయేవాడు. పని బల్ల మీది వైసు దవడల్లో బిగించినప్పుడు ఇనుము నలగకుండా వాటిని చుట్టేవాడట. షాపు వాళ్ళు ఎగతాళి చేస్తే, "మా అమ్మ చీర కరవదు, మీ వైసు కరుస్తాది" అన్నాడట.

అట్లాంటి ఒక శుక్రవారమే బాబా తన తుపాకీ సంగతి చెప్పాడు. అది వాళ్ళ నాయన తుపాకీ. ఇక్కడ పెళ్ళిళ్ళలో మగవాళ్ళు వరసగా నిలబడి పాడుతూ తుపాకీని పైకి విసిరి, తిరిగి కిందికి వచ్చేటప్పుడు ఒంటిచేత్తో పట్టుకుంటారు. లోపల గుండు ఉండదు, అది ఆట. బాబా వయసులో ఉన్నప్పుడు స్నేహితుల తుపాకులకు ఉన్నాయని తన తుపాకీ మూతికి కూడా ఒక ఇనుప తొడుగు బిగించుకున్నాడు. ఒక పెళ్ళిలో విసిరితే అది ఊడి ఎగిరిపోయి మాంసం వండే డేగిసాలో పడింది. ఊరంతా నవ్విందట. రోషం వచ్చి మరుసటి రోజే దాన్ని మళ్ళీ ఊడకుండా మేకు దిగ్గొట్టించి, పైన వెల్డింగ్ చేయించాడు. ఊడకపోవడం అయితే ఊడలేదు గానీ, మూతి బరువై తుపాకీ గాలిలో సరిగా తిరగడం మానేసింది. తోటి ముసలివాళ్ళు ఇప్పటికీ అంటారట, "నీ తుపాకీ నీళ్ళు తాగే గాడిదలాగ మూతి కిందికే వేస్తుంది" అని.

ఇప్పుడు మనవడి పెళ్ళి. బతికుండగా ఒక్కసారి దాన్ని సరిగ్గా విసిరి పట్టాలని ఆయన కోరిక. చూపించిన ప్రతిచోటా గొట్టం కొస కోసేద్దాం అన్నారు. బాబా ఒప్పుకోలేదు. నాయన పట్టుకున్న ఇనుము ఒక్క వేలెడు కూడా పోకూడదన్నాడు.

నా కొడుకు సంగటి చెయ్యి కడుక్కొని, ఆ మూతిని వేలితో తడిమి చూశాడు. "ఇదేంది మా, ఇంత ఇనుము పూసి పెట్టినారు" అన్నాడు.

"అయితాదా రా?"

"కోసేదానికైతే నేనెందుకు, రంపం చాలు. వెంట్రుక మందం గూడా గొట్టం పోదని చెప్పు మా ముసలాయనకు."

నా వచ్చీరాని హిందీలో చెప్పాను. బాబా వాడి భుజం మీద చెయ్యి వేశాడు. పోలీసుల దగ్గర నుంచి రావలసిన అనుమతి కాగితం తెచ్చాకే షాపు మేనేజర్ తుపాకీని లోపలికి రానిచ్చాడు.

తర్వాత ఒకనాడు బాబా కారులో నేనూ పోయి చూశాను. తుపాకీ గొట్టానికి నా మామిడిపిందెల చీర గుడ్డ చుట్టి బిగించి ఉంది. వాడు పుర్రచేత్తో ఆకురాయి పట్టుకొని వెల్డింగును కొంచెం రాస్తాడు, ఆగుతాడు, చేత్తో తుడిచి చూస్తాడు, మళ్ళీ రాస్తాడు. వేడి పెడితే గొట్టం పాడవుతుందని మంట జోలికే పోలేదు. అంతసేపూ ఆ కాలు ఊగలేదు.

"తొందరగా చేసీ నాయనా, పెండ్లి దగ్గరికొస్తాంది" అన్నాను.

"తొందరైతే నువ్వే రా మా, రోకలి తీసుకొని" అన్నాడు, తల ఎత్తకుండానే.

నేను వాడిని నిలబడి ఉండగా చూసింది అదే ఆఖరు.

వాడిని మా ఊరికి తీసుకుపోయాను. చేయవలసినవి చేశాం. ఊర్లో అందరూ "కూచో మా, కూచో" అన్నారు. నేను కూర్చోలేకపోయాను. తిరిగి వచ్చేశాను. బాబా కోడలు నన్ను వాకిట్లోనే కావలించుకుంది. కానీ ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఎవరూ నన్ను పాత పిలుపుతో పిలవలేదు. ఆ పేరు వింటే నాకు బాధ అని, అందరూ 'అక్కా' అన్నారు. మంచికే అన్నారు. నాకు మాత్రం చెవులు మూసుకుపోయినట్టు అయింది. గిన్నెలు తోమినవే తోమేదాన్ని. ఊడ్చిన వాకిలే ఊడ్చేదాన్ని.

ఒకరోజు బాబా వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "తుపాకీ కోసి ఇచ్చేయమని షాపుకు చెప్తాను. పెళ్ళి దగ్గరికి వచ్చింది. ఇచ్చిన మాట పిల్లవాడితోనే పోయింది, దాని గురించి నువ్వు మనసులో పెట్టుకోకు" అన్నాడు.

నేను చేతిలో పిండి దులుపుకున్నాను. "పోలేదు బాబా. నన్ను కారెక్కించు" అన్నాను. ఆయన ముందర నేను అట్లా ఎప్పుడూ మాట్లాడలేదు.

షాపులో తుపాకీ వాడు బిగించినట్టే ఉంది. నా చీర గుడ్డ అట్లాగే ఉంది. మేనేజర్ పాపం చెడ్డవాడు కాదు, రంపం పెడితే ఛాయ్ తాగే లోపల అయిపోతుందన్నాడు. అప్పుడు నిజామాబాద్ అబ్బాయి లేచాడు.

"నేన్ జేస్త అమ్మా. అన్న ఏడిదాంక చేసిండో నాకెర్కనే. పక్కన నిలవడి చూసిన."

"వెంట్రుక మందం గూడా పోగూడదు నాయనా."

"పోదు. జర కూసో. నువ్వట్ల నెత్తి మీద నిలవడితె నా చెయ్యి సాగది."

"కూచునేదానికి నా కాళ్ళు ఒప్పుకోవు. నువ్వు చెయ్యి."

బాబా ఒక డబ్బా మీద కూర్చొని తసబీ పూసలు తిప్పుతున్నాడు. నేను మిషన్ల మధ్య అటూ ఇటూ తిరిగాను. ఆ అబ్బాయి కూడా కొంచెం రాసి, ఆగి, తుడిచి, చూసి, మళ్ళీ రాశాడు. నా కొడుకు ఆగినట్టే ఆగాడు. వాడి చేతి పనితనం అతనిలోకి వచ్చిందేమో అనిపించి నేను తల తిప్పుకున్నాను. పొద్దు వాలే వేళకు లోపలి మేకు బయటపడింది. ఆ తర్వాత తొడుగును చేత్తో పట్టి తిప్పితే మొదట కదలలేదు, తర్వాత కిర్రుమంది, తర్వాత మెల్లగా తిరుగుతూ వచ్చేసింది.

"ఒదిలిందమ్మా" అన్నాడు.

గొట్టం కొస మీద బాబా వేలు పెట్టి చుట్టూ తిప్పి చూశాడు. ఆ ఇనుప తొడుగును నా చేతిలో పెట్టాడు.

అది ఇప్పుడు కూడా నా దగ్గర ఉంది. దాని మీద ఆకురాయి గీతలు ఉన్నాయి. కొన్ని పుర్రచేతి వైపు ఒరిగి ఉంటాయి, కొన్ని కుడిచేతి వైపు. వాడి గీతలు ఎక్కడ ఆగాయో, రెండో చెయ్యి ఎక్కడ అందుకుందో చూడనవసరం లేదు, వేలికే తెలుస్తుంది. పని చేసుకుంటూ కొంగు ముడిలో ఉన్న దాన్ని తడుముకుంటూ ఉంటాను.

పెళ్ళినాడు ఆడవాళ్ళందరం గోడ పక్కన నిలబడ్డాం. డోలు మోగుతోంది. బాబా వరసలో నుంచి ముందుకు వచ్చి, తుపాకీని చేతిలో ఒకసారి తూచి చూసుకున్నాడు. తోటి ముసలివాడు ఒకడు నవ్వుతూ డేగిసాల మీద మూతలు పెట్టమని కేకేశాడు. అందరూ నవ్వారు. బాబా నవ్వలేదు. మా గోడ వైపు తిరిగి, అంతమందిలో వినపడేట్టు, నన్ను నా కొడుకు పేరుతో పిలిచాడు. వాడి తల్లీ, చూడు అని.

తుపాకీ పైకి లేచింది. మామూలుగా నేను ఆ ఆట చూడలేను, పట్టు తప్పి ఎవరి నెత్తిన పడుతుందోనని కళ్ళు మూసుకుంటాను. ఆ రోజు మూసుకోలేదు. దీపాల పైన, ఖర్జూరపు మట్టల పైన, అది మెల్లగా, సమంగా తిరిగింది. మూతి ఎక్కడా వాలలేదు. బాబా చెయ్యి చాపి కింద నిలబడి ఉన్నాడు. నా కాళ్ళు కదలడం లేదని అప్పుడు గమనించాను. పట్టుకున్నాడని అందరూ చెప్పారు, చప్పట్లు కూడా విన్నాను. నా కళ్ళకు మాత్రం ఆ తుపాకీ ఇంకా పైనే తిరుగుతూ ఉంది.