రెండంగుళాల మర్యాద

మా బావ దర్జీ. ఆయన కొట్టుకీ నా ఇస్త్రీ కొట్టుకీ మధ్య ఒక చెక్క గోడ. ఆ గోడ మీదుగా మేమిద్దరం ఒకరినొకరం తిట్టుకోని పూట లేదు. బావాబామ్మర్దులం, మాకు ఆ మాత్రం హక్కుంది.

బావకి ప్యాంటు కుట్టడం కన్నా బాగా వచ్చిన విద్య ఇంకొకటుంది. నడుము కొలత తీసి, ఉన్నదానికి రెండంగుళాలు తగ్గించి పైకి చెప్పడం. నలభై నాలుగున్న పెద్దమనిషి చుట్టూ టేపు తిప్పి "నలభై రెండు!" అని వీధంతా వినబడేలా అరుస్తాడు. లోపల కాజాలు కుట్టే మా అక్క, మనసులో రెండు కలుపుకుని గుడ్డ మీద సుద్దతో గీత గీస్తుంది. వచ్చినాయన మురిసిపోతూ వెళ్తాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదిరా" అంటాడు బావ. ఆ మంచి నోటికే ఎదురుగా ఒక బేకరీ ఉండటం మా ఖర్మ.

ఒకరోజు బావ కళ్ళు తిరుగుతున్నాయంటే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. షుగరన్నారు. అంతటితో ఊరుకోక ఆవిడ బావని పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, సన్నటి దారంలాంటి దాన్ని అరికాలికి ఆనించింది. "తగిలినప్పుడు చెప్పండి." కుడికాలికి చెప్పాడు. ఎడమకాలి వంతు వచ్చాక కాసేపాగి, "ఇంకా మొదలుపెట్టరేమండీ?" అన్నాడు. ఆవిడ అప్పటికి రెండుసార్లు పూర్తి చేసింది.

నేను నవ్వబోయి అక్క మొహం చూసి ఆగిపోయాను.

"ఆ కాలికి స్పర్శ తగ్గింది" అంది డాక్టరమ్మ. "మాత్రలు రాస్తాను. కానీ తిండి మార్చాలి, నడవాలి, ఆ పొట్ట తగ్గాలి. లేదంటే దెబ్బ తగిలినా తెలీదు. పుండు ముదిరితే వేళ్ళు తీయాల్సి రావచ్చు."

"వేళ్ళు పోతే మిషను ఎలా తొక్కనండీ?"

"అందుకే ముందే చెబుతున్నాను."

ఇంటికి రాగానే బావ పంచదార డబ్బా తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టి, "దాచెయ్యవే, నాకు కనపడనివ్వకు" అన్నాడు. ఆ క్షణాన ఆయన మాట నిజమే. ఆయన మాటెప్పుడూ ఆ క్షణానికి నిజమే.

అక్క రాజ్యం మొదలైంది. అన్నం సగమైంది, ఆ ఖాళీలోకి ఆకుకూరలు వచ్చాయి. చక్కెర లేని టీ తాగుతూ బావ పెట్టే మొహం చూడటానికి నేను ఇస్త్రీ ఆపి మరీ వెళ్ళేవాణ్ణి. "నన్ను మనిషిననుకుంటోందా, మేకననుకుంటోందా మీ అక్క?" అని గోడ మీంచి మొత్తుకునేవాడు. పొద్దున్నే మాత్రం బుద్ధిగా నడకకి పోయేవాడు. ప్యాంటు వదులైతే పొట్ట తగ్గినట్టే లెక్క అంది అక్క. దర్జీకి ఆ పరీక్ష పెట్టడమంటే దొంగ చేతికి తాళాలివ్వడమే. పాపం, మా అక్క మొగుణ్ణి నమ్మింది.

ప్యాంటు వదులవసాగింది.

"ఏమే, చూడు! జారిపోతోంది!" అని నడుం దగ్గర వేళ్ళు దూర్చి చూపించేవాడు. వారం వారం తన కొలత తానే తీసుకుని ఒక అంకె అరిచేవాడు. అలవాటు కొద్దీ అక్క రెండు కలుపుకునేది. కలుపుకున్నా తగ్గుతూనే ఉంది కదా అని పొంగిపోయేది. ఆ ఆనందంలో నాకూ చక్కెర బంద్ చేసింది. నేనేం పాపం చేశానో.

ఒక మధ్యాహ్నం బావ ప్యాంటు నా బల్ల మీదికొచ్చింది. జేబు తిరగేస్తే కేకు పొడి రాలింది. వెనక కుట్టు మీద ఇస్త్రీపెట్టె నడుపుతుంటే, కొత్త దారం పక్కనే వరసగా సూది బెజ్జాలు కనిపించాయి. పాత కుట్టు విప్పిన జాడ. దర్జీలు ముందుచూపుతో లోపల కాస్త గుడ్డ మడిచి వదులుతారు, రేపు ఒళ్ళొస్తే విప్పుకోవచ్చని. ఆ మడతని మా బావ కొద్దికొద్దిగా బయటికి వదులుతున్నాడన్నమాట. పొట్ట పొట్టలాగే ఉంది, ప్యాంటే పెరుగుతోంది.

ఇంతకన్నా పండగేముంది నాకు? ప్యాంటు జెండాలా పట్టుకుని పక్కకి పరిగెత్తాను, అక్క ముందే పరువు తీద్దామని.

బావ కూనిరాగం తీస్తూ మిషను తొక్కుతున్నాడు. కింద కూర్చుని హుక్కులు కుడుతున్న అక్క, సూది పట్టుకున్న చేయి గాల్లోనే ఆపేసి ఆయన ఎడమకాలి వైపు చూస్తోంది. కాలు లేచినప్పుడల్లా మడమ కింద ఏదో తళుక్కుమంటోంది. గుండుసూది. తల దాకా దిగి ఉంది.

"ఏమండీ, నొప్పి లేదూ?"

"ఏం నొప్పి?" అంటూ ఇంకో రెండు తొక్కులు తొక్కాడు.

అక్క ఆ సూది లాగింది. కాస్త నెత్తురొచ్చింది. బావ ఆ సూదిని చూశాడు, కాలిని చూశాడు, మొహం పాలిపోయింది. నా చేతిలోంచి ప్యాంటు జారింది. అక్క దాన్ని తిరగేసింది. కాజాలు కుట్టే మనిషికి ఒక్క చూపు చాలు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది నాకు.

డాక్టరమ్మ కాలు శుభ్రం చేసి కట్టు కట్టింది. షుగరు చుక్కంతైనా తగ్గలేదంది.

ఇంటికొచ్చాక అక్క ఆయన ప్యాంట్లన్నీ కుప్పేసుకుని కూర్చుంది. కుట్లు విప్పి, మొదటి కొలతకన్నా రెండంగుళాలు లోపలికి కుట్టింది. తర్వాత కత్తెర తీసి లోపల మిగిలిన గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టింది. గుండుసూది దిగినా కిక్కురుమనని మనిషి కెవ్వుమన్నాడు. "ఒసేయ్, అది కొయ్యకూడదే! కోస్తే మళ్ళీ రాదే!"

"కాలూ అంతేగా" అంది అక్క.

ఆ కుప్ప పక్కనే కూర్చుని మా బావ ఏడ్చాడు. నాకూ దుఃఖమొచ్చింది, ఒప్పుకోవడానికి సిగ్గేమిటి.

ఆ తర్వాత పొద్దున నడకకి నన్ను కాపలా వేశారు. బేకరీ రాగానే ఆయన మెడ అటు తిరిగేది, నేను ఇటు తిప్పేవాణ్ణి. ఆ ప్యాంట్లు పట్టక చాలాకాలం పాత లుంగీలోనే మిషను తొక్కాడు. ఆకుకూరల్ని తిడుతూనే తిన్నాడు. రోజూ కొట్టు కట్టేసేముందు అక్క ఆయన అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, కుట్టు తనిఖీ చేసినట్టు వేలు వేలూ వెతికేది. పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాటివ్వలేను, ఉన్నది కాపాడుకోండి అంది డాక్టరమ్మ. షుగరు మాత్రం ఈసారి నిజంగానే దిగింది.

మొన్న బావ, అక్క బిగించిన ప్యాంటుకి గుండీ పెట్టుకుని, అద్దం ముందు నడుము చుట్టూ టేపు తిప్పాడు.

"ముప్పై తొమ్మిది!"

లోపల్నుంచి అక్క సుద్ద గీస్తూనే గొణిగింది. "నలభై ఒకటి."

బావ టేపు మీద అంకె మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"కలపకే. ఉన్నదే చెప్పాను."

అక్క లేచొచ్చింది. టేపు అందుకుని ఆయన చుట్టూ తిప్పి, కొసలు కలిపి చూసింది. ముప్పై తొమ్మిదే. చూడటం అయిపోయినా ఆ టేపు వదల్లేదు.