కొస పైకి చుట్టిన తోలు

ఆవిడ పని కన్నాలు కొలవడం. కాలేజీలో ఎవరైనా అడిగితే అలాగే చెప్పేది. అడిగినవాళ్లు నవ్వేవాళ్లు. ఆవిడ నవ్వేది కాదు. చెప్పింది నిజమే మరి.

రెండు వేల ఏళ్ల కిందట యూదులెవరో హీబ్రూలో కీర్తనలు రాసుకున్న తోలుచుట్ట ఒకటి ముక్కలై దొరికింది. అసలు తోలు ఎక్కడో అద్దాల కింద, మసక వెలుతురులో ఉంటుంది. ఆవిడ దాన్ని ఒక్కసారే చూసింది. ఇంట్లో ఉన్నవి ఫొటోలు. ముక్క ఎంతో ఫొటో అంతే.

చుట్టిన తోలు మీద ఒకచోట తడి పడినా, పురుగు పట్టినా ఆ కన్నం పొరలన్నిటినీ తొలుచుకుంటూ లోపలికి పోతుంది. విప్పి చూస్తే అదే ఆకారం కన్నం మళ్లీ మళ్లీ కనబడుతుంది. పై పొరల్లో కన్నానికీ కన్నానికీ దూరం ఎక్కువ. లోపలికి పోయేకొద్దీ తక్కువ. ఆ దూరం కొలిస్తే, విడిపోయిన ముక్క ఏ పొరదో తెలుస్తుంది. భాష రాకపోయినా తెలుస్తుంది.

భాష ఆయనకి వచ్చు. ఆయన ఆ కాలేజీలోనే ఆ పాత రాతలు చెప్పే మాస్టారు. పెళ్లినాటికి ఆవిడ సర్వే ఆఫీసులో పటాలు గీసేది. ఒక సాయంత్రం ఆయన బల్ల దగ్గర్నుంచి పిలిచాడు.

"ఏవోయ్, నీ డివైడరు ఒకసారి పట్రా. ఈ రెండు కన్నాల మధ్య ఎంతుందో చూడు."

చూసింది. మర్నాడు ఇంకో రెండు చూసింది. అలా మొదలైంది. తర్వాత ఆ లిపి నేర్చుకోవాలని ఆయన క్లాసులోనే వెనక బెంచీలో కూర్చునేది. పిల్లలు, మాస్టారికి క్యారేజీ తెచ్చిన ఆవిడ అనుకున్నారు. ఆవిడ ఎవరో చెప్పడం ఆయనకీ తోచలేదు, ఆవిడకీ తోచలేదు.

ఆయన అర్థాన్ని బట్టి ముక్కలు పేర్చేవాడు. ఏ మాట తర్వాత ఏ మాట రావాలి, అలాంటి కీర్తన ఇంకెక్కడైనా ఉందా, అని చూసేవాడు. ఆవిడ తోలును బట్టి పేర్చేది.

"మీ పద్ధతిలో అయితే ఎవడేం రాసినా చివరికి ఓదార్పే వస్తుంది."

"నీ పద్ధతిలో అయితే వాడేం రాశాడో చదవక్కర్లేదు. చెదపురుగు చాలు."

ఆ కీర్తనల్లో కొన్ని ఏడుపు, కొన్ని ఓదార్పు. ఇద్దరూ ఒప్పుకున్న వరస ఒకటి తేలింది. ఏడుపు ముక్కల్లో కన్నాల మధ్య దూరం ఎక్కువ. కాబట్టి అవి పై పొరలు. చదవడం అయ్యాక ఎవరైనా మొదలు పైకి వచ్చేలా తిప్పి చుట్టిపెడతారు గనక, పై పొరంటే మొదలు. ముందు ఏడుపు, వెనక ఓదార్పు. ఆయనకి కావలసిందీ అదే.

ఒక్క విషయం మిగిలింది. రాసినవాడు దేవుడి పేరు రావలసిన చోట రాయకుండా ఖాళీ వదులుతూ పోయాడు. ఆ పేరును ఇంకొకడు తర్వాత కూర్చుని పాతకాలపు అక్షరాలతో నింపాడు. ఓదార్పు ముక్కల్లో పేరు ఉంది. ఏడుపు ముక్కల్లో ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. మొదటి ముక్కల్లో వదిలేసి తర్వాతి ముక్కల్లో ఎందుకు నింపాడు? ఆయన ముందుమాటంతా దాని మీదే రాశాడు. దుఃఖంలో ఉన్నవాడు ఆ పేరెత్తడానికి జంకాడు, తేరుకున్నాక పిలిచాడు, అని. ఆ మాట సభలో చదివినప్పుడు జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆవిడా కొట్టింది.

కిందటి చలికాలంలో ఆయన పోయాడు. ఆస్పత్రిలో చివరి మధ్యాహ్నం ఆయన చెల్లెలు ఆయన చేసిన తెలుగు అనువాదంలోని ఆఖరి ముక్క చదివి వినిపించింది. 'నా ఇంట్లో దీపం మళ్లీ నువ్వే వెలిగించావు. ఇదిగో, పేరు పెట్టి పిలుస్తున్నాను.' ఆయన కళ్లు మూసుకునే విన్నాడు. విన్నాడనే ఆడపడుచు నమ్మకం.

ఆ తర్వాత ఆడపడుచు తన సామాను తెచ్చుకుని ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. మాట ఆగదు. ఆవిడ మాటకి మాట జవాబు చెప్పేది. ఏడవలేదు. ఆయన చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. వాటిని తీయాలనీ అనిపించలేదు, ఉంచాలనీ అనిపించలేదు. తినడానికి పిలిస్తే "వస్తున్నా" అనేది. వచ్చేది కాదు. కంచంలో అన్నీ చల్లారిపోయేవి.

పుస్తకం ప్రెస్సుకి వెళ్లింది. పైన ఆయన పేరు, కింద ఆవిడ పేరు. అచ్చు మొదలవుతుందనగా, ఆయన దగ్గర చదువుకున్న ఒకతను కొత్త ఫొటోలు పంపాడు. మామూలు కంటికి అందని వెలుతురులో తీసినవి. అన్నిటికన్నా వెడల్పైన ముక్కకి ఎడమ అంచు ఎప్పుడూ బొగ్గులా నల్లగా ఉండేది. ఇప్పుడు ఆ నలుపులో మూడో కన్నం కనబడింది. అప్పటిదాకా ఏ ముక్కకీ రెండుకి మించి లేవు.

ఆవిడ డివైడరు తీసింది. ఆ రాత కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. మొదలు పైన ఉన్న చుట్టలో ఎడమకి పోయేకొద్దీ దూరం తగ్గాలి. ఇక్కడ పెరిగింది. వెంట్రుకవాసే, కానీ పెరిగింది. మళ్లీ కొలిచింది. కాగితం జరిగిందేమోనని అద్దం కింద పెట్టి కొలిచింది. పెరిగింది.

ఆఖరిసారి చదివినవాడు తిప్పి చుట్టలేదు. కొస దాకా చదివి, కొస పైకి ఉండగానే పక్కన పెట్టేశాడు. పై పొరలంటే చివర. ఏడుపు చివర.

ఖాళీలకి వేరే అర్థమేమీ అక్కర్లేకపోయింది. పేరు నింపేవాడు మొదటి నుంచి నింపుకుంటూ వచ్చి, కొస దాకా రాలేదు. అంతే.

ఆవిడకి సంతోషం కలగలేదు. భయమూ వేయలేదు. లేచి కుళాయి కట్టేసి వచ్చింది.

సాయంత్రం ఆడపడుచుకి చెప్పింది. ఆడపడుచు డ్యూటీ చీరతోనే కుర్చీలో కూలబడి విన్నది.

"అంటే ఫిల్మును తిరగేసి తగిలించారన్నమాట. మా దగ్గరా అవుతుంది. గుండె కుడివైపుకి వస్తుంది."

"అలాంటిదే."

"అయితే అన్నయ్య తప్పు చదివాడా?"

"ప్రతి మాటా సరిగ్గానే చదివారు. చుట్టడమే తప్పు చుట్టాం. ఇద్దరం."

"ఎవరికి తెలుస్తుంది వదినా ఈ వెంట్రుకవాసి? ఆ ఫొటోలు పంపినతను కొలిచాడా?"

"లేదు."

"మరి ఉండనీ. రెండో అచ్చులో మార్చుకో. ఆ ఆఖరి ముక్క నేనే కదా చదివాను. అది ఆఖరిది కాదంటే ఇప్పుడు నేనేం చెయ్యను?"

గోడ మీద కేలండరు కాగితం ఫ్యాను గాలికి లేచి పడుతోంది.

"అన్నయ్య లేడనేగా మారుస్తున్నావ్?" అంది ఆడపడుచు. ఆమె గొంతు పైకి లేచింది.

"ఉంటే పోట్లాడేవాళ్లం."

"ఎవరు గెలిచేవాళ్లు?"

"కన్నం."

ఆడపడుచుకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపు వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "మొండిఘటం" అంది. ఆవిడ అలా చూస్తూ కూర్చుంది. ఆ ఏడుపు పక్కింట్లోంచి వినబడుతున్నట్టుంది.

పొద్దున్నే ప్రెస్సుకి ఫోను చేసింది. ప్రెస్సు యజమాని గోల పెట్టాడు.

"మేడమ్, పేజీలన్నీ కట్టేశాం. మరి సారు ముందుమాట సంగతేంటి? అందులో అంతా అటునుంచి ఉంది కదా."

"అది అలాగే ఉంచండి. ఒక్క అక్షరం ముట్టుకోవద్దు. దాని వెనక నాదొక పేజీ ఉంటుంది."

"రెండూ పక్కపక్కన పెడితే మొగుడూ పెళ్లాలు కొట్టుకున్నట్టుంటుంది మేడమ్."

"ఉండనివ్వండి."

పేజీ సాయంత్రానికి అయింది. కొలతలు, బొమ్మ, కొత్త వరస. ఆఖర్న ఒక్క మాట: ముందుమాట ఆయనది, ఈ వరస నాది, ఆయన ఉంటే దీని మీద ఇంకా మాట్లాడేవారు. అది పంపించి బల్ల దగ్గరే కూర్చుంది.

ఆడపడుచు కాఫీ గ్లాసుతో వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఇప్పుడు ఆఖరిది ఏది? చదువు, వింటాను."

ఆవిడ కాగితం తీసుకుంది. "'వాకిలి దాకా వచ్చాను. చేత్తో తట్టాను. పిలిచాను...'"

ఆగింది.

"ఆగావేం?"

"ఇక్కడ రాసి లేదు. చోటు వదిలాడు."

"ఈ చోటు గురించేనా, రాసినవాడు జంకాడని అన్నయ్య అన్నది?"

"ఊఁ."

"నువ్వేమంటావు?"

"నింపేవాడు రాలేదు."

ఆడపడుచు తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా వచ్చింది. "అది కూడా చదువు," అంది. "ఆ చోటు ఎంత ఉందో అంతసేపు ఆగు."

ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది. వాకిలి, చెయ్యి, పిలుపు. ఆగింది. కాగితం మీద ఆ ఖాళీ కొస దాకా వేలు జరిపింది. తర్వాతి మాట చదివింది. "'గోడ వింది.'" అక్కడితో తోలు అయిపోతుంది.

కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి ఆడపడుచు వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఫొటోలన్నీ వరసగా అంటించిన పొడుగు కాగితం ఒకటి ఆ బల్ల మీదే ఉంది. దాన్ని చుట్టి పెట్టడం ఎప్పుడూ ఆయన పనే. ఎన్నిసార్లు విప్పినా మొదలు పైకి వచ్చేలా తిప్పి చుట్టేవాడు. ముక్కలన్నీ ఊడదీసి, నిన్ననే ఆవిడ కొత్త వరసలో అంటించింది. ఇప్పుడు మొదలు లోపలికి పెట్టి, మెల్లగా, అంచులు సరిచూసుకుంటూ చుట్టింది. కొస పైకి వచ్చింది. రాత లోపలివైపు ఉండిపోయింది. రబ్బరు బ్యాండు వేసి అలమరలో ఆయన పెట్టే చోటే పెట్టింది.

"వదినా, తిందువుగాని రా."

"వస్తున్నా," అని లేచింది.