ప్లాట్‌ఫాం వరకే

మా బావ నడుం విరిగింది భూపాలపల్లి బొగ్గు గనిలో. బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్లయ్యాక కూడా ఆ పిలుపే ఉండిపోయింది. గని లోపల పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. ఒకరోజు దిమ్మె ఇంకా నిలబెట్టని చోట బండ ఊడి మీద పడింది. ప్రాణం దక్కింది గానీ నడుం కింది భాగం మళ్లీ ఆయన మాట వినలేదు, స్పర్శ కూడా పోయింది.

నెలకోసారి హైదరాబాద్ దవాఖానకు తీసుకురావాలన్నారు డాక్టర్లు. భూపాలపల్లికి రైలు లేదు, బస్సులో ఆయన అంతసేపు కూర్చోలేరు, రైల్లో అయితే నడుం వాల్చొచ్చు. అందుకే క్వార్టర్ ఖాళీ చేసి మహబూబాబాద్ జిల్లాలోని మా పుట్టింటి ఊరికి వచ్చేశాం. అక్కడ చిన్న స్టేషన్ ఉంది, హైదరాబాద్ వైపు పొద్దున ఒక పాసింజర్, తర్వాత మరొకటి ఆగుతాయి. నేను కుట్టుమిషన్ పెట్టుకున్నాను.

రైలు వచ్చిందంటే నేను ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ పరుగెత్తేదాన్ని. "అన్నా, జర చెయ్యి వెయ్యరా" అని కనబడినవాళ్లనల్లా అడిగేదాన్ని. ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ల కింద పట్టుకుని వడ్ల బస్తాను ఎక్కించినట్టు ఎక్కించేవారు. అంతసేపూ బావ కళ్లు మూసుకునేవారు. ఎందుకని ఒకసారి అడిగితే, "మోసేటోళ్ల మొఖం జూడలేను" అన్నారు.

ఒకరోజు పేపర్‌లో వార్త వచ్చింది. సర్కారు స్టేషన్లను బాగుచేస్తుందట. పొగ లేని కరెంటు రైళ్లు, బొగ్గు వాడకం తగ్గించడానికి కప్పుల మీద సోలార్ పలకలు, చక్రాల కుర్చీల వాళ్లకు ర్యాంపులు. మా ఊరి స్టేషన్ పేరు కూడా ఉంది. బావ ఆ ముక్క కత్తిరించి దిండు కింద పెట్టుకున్నారు.

"బొగ్గు తవ్వుడు బందయితే నీకు బాధ గాదా బావా?" అని అడిగాను.

"బాధెందుకు? నా అసొంటోడు ఇంకొకడు తయారుగాడు గదా" అన్నారు.

పని మొదలైనప్పటి నుంచి రోజూ స్టేషన్‌కు తీసుకుపొమ్మనేవారు. ర్యాంపు పోస్తుంటే చూసి, "గింత నిటారుగ పోస్తే ఎవడెక్కుతడన్నా?" అని మేస్త్రీతో గొడవ పెట్టుకున్నారు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని వాదించారు. మేస్త్రీ మొదట నవ్వాడు. బావ తన చక్రాల కుర్చీలో నుంచే నీళ్ల గొట్టం పట్టి మట్టం చూపించాక నవ్వు ఆపాడు. వారం తర్వాత ఆ ర్యాంపు పగలగొట్టి మళ్లీ పోశారు. బావ తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ దాని మీదికి ఎక్కారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో కోడి కోశాం.

ప్రారంభం రోజు పెద్దమనుషులు వచ్చారు. ర్యాంపు మీద బావ కుర్చీని నిలిపి, మెడలో దండ వేసి ఫోటోలు తీశారు. అంతలో పాసింజర్ వచ్చింది. అదే ఎత్తు తలుపు, అవే రెండు మెట్లు, కింద అదే సందు. కుర్చీ లోపలికి ఎక్కే దారే లేదు.

బావ ఒక అధికారిని అడిగారు: "సార్, గిక్కడిదాక వచ్చిన. ఇగ లోపలికెట్ల పోవాలె?"

ఆయన చెడ్డవాడు కాదు. నెమ్మదిగానే చెప్పాడు. "మాది ప్లాట్‌ఫాం వరకేనయ్యా. రైలు పెట్టెల సంగతి వేరేవాళ్లది."

బావ అర్జీలు రాయడం మొదలుపెట్టారు. రైలు తలుపు దాకా వేసి, మళ్లీ మడిచి పెట్టుకునే పలక ఒకటి స్టేషన్‌లో ఉంచితే చాలని రాశారు. పరిశీలిస్తామని ఒక జవాబు వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. మేం మళ్లీ మోసేవాళ్ల కోసం వెతుక్కున్నాం.

పోయిన వానాకాలం, జల్లు పడుతున్న ఒక పొద్దున, ఇద్దరు కాలేజీ పిల్లలు బావను ఎత్తి తలుపు దగ్గర నేల మీద కూర్చోబెట్టి దిగారు. నేను కుర్చీ మడుస్తున్నాను. తడికి గొళ్లెం బిగుసుకుంది. పాత ఇంజన్ అయితే కదిలే ముందు రొద చేసేది, ఒక కుదుపు ఇచ్చేది. ఈ కొత్త కరెంటు బండి చప్పుడు లేకుండా జారింది. తలెత్తేసరికి తలుపు నన్ను దాటిపోయింది. ఆయన ఫోను, మందులు, మంచినీళ్లు అన్నీ నా భుజాన ఉన్న సంచిలోనే ఉన్నాయి.

రెండు గంటలకు పైగా ఏమీ తెలియలేదు. తర్వాత కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, మీ ఆయనను జనగామల దించినం. నీ నంబరు చెప్పిండు. భయపడకు, నేనీడనే ఉంట" అంది ఒక ఆడగొంతు.

తర్వాతి బండిలో ఖాళీ కుర్చీ పట్టుకుని జనగామ చేరేసరికి మధ్యాహ్నమైంది. బావ స్తంభానికి ఆనుకుని ఉన్నారు. పక్కన జామకాయల గంపతో ఫోన్ చేసిన ఆవిడ. బావ మూత్రం సంచి నిండి లుంగీ తడిసింది. చేతి వేళ్ల మీద ఎవరివో చెప్పుల అచ్చులు. ఒళ్లో కొన్ని చిల్లర నాణేలు.

"నేనెవలనూ అడగలే" అన్నారు నన్ను చూడగానే. "మరుగుదొడ్డికాడ కూసున్నగదా. ఒచ్చేటోళ్లు పోయేటోళ్లు ఏసి పోయిండ్రు."

జామకాయల ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. ఒక్కడే రైలెక్కి ఎక్కడికైనా పోవాలని ఆయనకు ఎంతో కోరిక ఉండేది. అది ఆ రోజు అట్లా తీరింది.

ఆ తర్వాత ఆయన ఇల్లు కదలలేదు. దిండు కింది పేపరు ముక్క ఎప్పుడు పారేశారో నేను చూడలేదు. కదలక నడుం దగ్గర పుండు పడింది. కాగితాలు, ఫోటోలు పట్టుకుని నేనొక్కదాన్నే హైదరాబాద్ పోయాను. "మనిషిని చూడకుండ ఎట్ల చెప్తనమ్మా? తొందరగ తీసుకరా" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి అదే చెప్పాను. ప్రైవేటు అంబులెన్సు మాట్లాడుదామన్నాను, కాళ్లు పట్టుకుని బతిమాలాను. ఆయన గోడవైపు తిరిగి ఉన్నారు.

"ఇగ నన్ను ఎవలతోని మోపియ్యకు" అన్నారు.

పుండు వారం వారం లోతవుతోంది. రోజూ పొద్దున నీళ్లు కాచి, ఉప్పు వేసి నేనే కడుగుతున్నాను. ఆయనకు నొప్పి తెలియదు.