ఎవరూ కూర్చోలేని బస్టాపు

పత్తికొండకు పోయే రోడ్డు మీద, నా సోడాబండికి ఎదురుగా, ఒక బస్టాపు ఉంది. దాని సిమెంటు అరుగు మీద ఒక అవ్వ ఉండేది. ఇల్లూ వాకిలీ లేని మనిషి. ఒక గోతాం, ఒక చెంబు, ఒక చేతికర్ర, అంతే ఆమె సంసారం. మార్కెట్టుకు టమోటా గంపలతో పోయే ఆడవాళ్లు ఆమె పక్కనే కూర్చుని వక్కాకు వేసుకునేవాళ్లు, నీళ్లకు పోవాల్సి వస్తే గంపలు ఆమెకే అప్పజెప్పేవాళ్లు.

ఆమె నలుసైంది మా వీధి పెద్దమనిషి కంట్లోనే. బస్టాపు పక్కనే ఆయన కొత్త మేడ. ముందర బేతంచర్ల బండలు పరిచిన పొడుగాటి వసారా. కారు దిగినప్పుడల్లా అవ్వ ఎదురుపడుతోందట, అరిష్టమట. పైవాళ్ల చుట్టూ తిరిగి బస్టాపుకు ‘సుందరీకరణ’ తెప్పించాడు.

ఆ మాట నాకు ఆరో తరగతి దాకా ఎవరూ చెప్పలేదు, ఆ తర్వాత నేను బడికి పోలేదు. కాబట్టి చూసి నేర్చుకున్నాను. అరుగు పగలగొట్టారు. దాని చోట ఏటవాలుగా ఒక ఇనుప బల్ల వేసి, జానెడుకొక కడ్డీ నిలబెట్టారు. కూర్చుంటే జారాలి, పడుకుంటే వీపు చీరుకుపోవాలి. నీడ పడితే మళ్లీ ఎవరైనా వాలతారని పైరేకు కూడా కురచ చేశారు. మా ఎండకు ఆ ఇనుము మీద జొన్నరొట్టె కాల్చొచ్చు. రిబ్బను కత్తిరించిన రోజు పెద్దమనిషి బల్ల పక్కన నిలబడే ఫోటో దిగాడు. కూర్చోలేదు. తెలివైనవాడే.

అవ్వ గోతాం చంకన పెట్టుకుని రోడ్డు దాటి, నా బండికి నీడగా కట్టిన పట్ట కిందికి వచ్చింది.

"ఈడ ఉండొచ్చునా నాయనా?"

"ఉండవ్వా. నా బండికి ఇంకా సుందరీకరణ రాల్యా."

ఆమె వెనకాలే గంపలవాళ్లు, చంటిపిల్లల తల్లులు, మోకాళ్ల నొప్పుల తాతలు. తరిమింది ఒక్క అవ్వను, కదిలింది ఊరంతా. బస్సు వచ్చింది. డ్రైవరు బస్టాపు వైపు చూశాడు, ఈగ కూడా లేదు, ఆపకుండా పోయాడు. ఒక టమోటా అక్క గంపెత్తుకుని దుమ్ములో కొంతదూరం పరుగెత్తి తిరిగొచ్చింది.

"వాని నోట్లో మన్నుబడ! ఇంతమందిమి ఉంటే కండ్లు కనపల్యా వానికి?"

"బస్టాపు కనపడిందిలే అక్కా. శానా శుభ్రంగా ఉండాది," అన్నాను.

మర్నాడు పెద్దమనిషి నా మీదికి వచ్చాడు.

"ఏమప్పా, పట్ట పీకెయ్. ఈడంతా గుంపు చేరుతాండారు."

"బస్టాపులో కూచ్చోమని మీరే చెప్పండి సార్, మీ మాట వింటారు."

"ఎగతాళి చేస్తాండావా? రేపు బండే ఉండదు నీకు."

పట్ట చుట్టేశాను. బండి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అంత పౌరుషం నాకు లేదు. అవ్వ ఎండలో నిలబడి అటూ ఇటూ చూసింది. ఆ రోడ్డు మొత్తానికి నీడ మిగిలింది ఒక్కచోటే. కర్ర టకటకలాడించుకుంటూ పోయి, పెద్దమనిషి వసారాలో చల్లటి బండల మీద కాళ్లు చాపింది. వెనకే గంపలు, పిల్లలు, తాతలు. గిరాకీ అక్కడుంటే నాకిక్కడేం పని? సోడాలు ఎత్తుకుని నేనూ పోయాను.

పెద్దమనిషి లుంగీ ఎగ్గట్టుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏయ్, లేయండి! మీ అబ్బ సొమ్మనుకుంటిరా ఇది?"

"బస్సొస్తే పోతాంలేప్పా," అంది టమోటా అక్క, గంప దించుతూ.

ఆయన అవ్వ మీదికి తిరిగాడు. "నువ్వు యాడికి పోవాల్ల?"

"బస్సు యాడికి పోతే ఆడికే నాయనా. ఆగనీ మొదలు."

అంతలో బస్సు వచ్చింది. ఖాళీ బస్టాపును చూసుకుంటూ దాటిపోబోయింది. పెద్దమనిషి ఒక చేత్తో లుంగీ పట్టుకుని, ఇంకో చెయ్యి పైకెత్తి, "ఆపప్పా! రేయ్, ఆపరా!" అని దాని వెనక పరుగెత్తాడు. ఆపించాడు కూడా. వసారా ఖాళీ అయింది, అవ్వ తప్ప.

రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు. "నువ్వెక్కల్యా?"

అవ్వ గోతాం తలకింద సర్దుకుంది.

"దాంట్లో సీటు ల్యా నాయనా. వచ్చే బస్సుకు పోతాలే."