పనిచేస్తుందో లేదో

రఘునాథపల్లిలో కిరాణా దుకాణం నడిపే గోవర్ధన్ సేటు చూడకుండా దేన్నీ నమ్మడు. బల్బు అమ్మితే హోల్డర్లో పెట్టి వెలిగించి, ఆర్పి, చొక్కా అంచుతో తుడిచి ఇస్తాడు. టార్చిలైటయితే కొన్నవాడి మొహమ్మీదే వేసి చూపిస్తాడు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ రోజూ పొద్దున దేవుడి పటానికి ఊదుబత్తి తిప్పగానే, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి 108కి ఫోన్ చేస్తాడు. అవతల గొంతు వినబడితే చాలు, "పనిచేస్తున్నది" అని తృప్తిగా తలూపి పెట్టేస్తాడు. దుకాణానికి సరుకులకొచ్చే, అంబులెన్సులో పనిచేసే సంధ్యకు చెప్పీ చెప్పీ నోరెండిపోయింది. "బాపూ, అది బల్బు కాదు! నువ్వు ఊకె చేస్తుంటే ఆపదల ఉన్నోళ్లకు లైను దొరకద్దా? అవసరం పడ్డప్పుడే చెయ్యి. ఏమైందో, యాడున్నరో చెప్పు. వాళ్లు చాలనేదాక ఫోన్ పెట్టెయ్యకు." సేటు ఆమె అడిగిన కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి చూస్తూ, "గట్లెట్ల బిడ్డా? తీరా టైముకు పనిచెయ్యకపోతే?" అంటాడు.

మొన్న మధ్యాహ్నం కందిపప్పు తూస్తున్న అతని భార్య ఈశ్వరమ్మ గుండె పట్టుకుని బస్తాల మధ్య కూలబడింది. "సేటూ, 108కి ఫోన్ చెయ్యి!" అని బేరానికొచ్చినవాళ్లు అరిచారు. సేటు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి నంబరు నొక్కాడు. "చెప్పండి, ఎవరికి ఏమైంది?" అంది అవతల గొంతు. సేటు మొహం తేటపడింది. "పనిచేస్తున్నదే, భయపడకు" అని భార్యకు చెప్పి, ఫోన్ పెట్టేసి జేబులో వేసుకున్నాడు.