గంతుల టీచరమ్మ, పొట్టేలు తూకం

ఆ రోజుల్లో మాకు ఊపిరాడనంత పని ఉండేదని నేను అబద్ధం చెప్పను. తీరిక ఉండేది, కానీ దాన్ని ఆటలకు ఖర్చు పెట్టడమంటే నాకు ఒళ్లు మండేది. మూడో తరగతితో బడి మానేసిన నేను చంద్రగిరి పక్కన మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేరాను. వయసు పాతికైనా అరవై ఏళ్ల అత్తగారిలా పెత్తనం చేసేదాన్ని. పిల్లలు రాల్చిన మెతుకులు కూడా ఏరి కోళ్లకు వేసేదాన్ని. అలాంటి నా కళ్లముందే తిరుపతి నుంచి వచ్చిన కొత్త టీచరమ్మ డబ్బాడు ముగ్గుపిండి గుమ్మరించి, వాకిట్లో మూడు పెద్ద గుండ్రాలు గీసింది. (ఒకటి చాలదా?) పిల్లల్లో కొందరు రాగిముద్దలు, కొందరు గుడ్లు, కొందరు మునగాకులు. "ఎముక గట్టిపడాల!" అంటే రాగిముద్దలు కప్పల్లా గెంతాలి. "కండ పెరగాల!" అంటే గుడ్లు పరిగెత్తాలి. "రక్తం పట్టాల!" అంటే మునగాకులు చేతులూపుతూ ఎగరాలి. తనూ కొంగు దోపుకుని గెంతేది. గంతుల టీచరమ్మ అని పేరు పెట్టాను (ఎదురుగా కాదులెండి).

ఆ పిల్లల్లో నా నాలుగేళ్ల కూతురూ ఉండేది. ఎదుగుదల కార్డులో దాని చుక్క ఎర్రరంగు దాటడం లేదు. ఈసారి తూకంలోనూ పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చాలని నర్సమ్మ చెప్పింది. ఊరి పిల్లలకు వండిపెట్టే ఆయా కూతురే ఎండిపోయిందంటే ఎంత సిగ్గు! భయం అంతకు పదింతలు. "తిన్నదంతా గెంతి కరగబెట్టుకుంటే బరువు యాడ నిలుస్తాది?" అని దాన్ని ఆటకు పంపకుండా వంటగదిలో కూర్చోబెట్టాను. అది తినే కాస్త తిండీ మానేసింది. మా పుట్టింట్లో పొట్టేలును సంతకు తోలేముందు కడుపునిండా నీళ్లు తాపేవారు. తూకం రోజు పొద్దున్నే నేనూ అదే పని చేశాను.

దూలానికి వేలాడే కాటా జోలెలో పిల్లను కూర్చోబెట్టారు. ముల్లు బాగానే కదిలింది. నేను తలెత్తి నిలబడేలోగా జోలె అడుగు నుంచి ధార! టీచరమ్మ చీరా తడిసింది, కార్డూ తడిసింది, ముల్లు వెనక్కి జరిగింది.

"ఎన్ని చెంబులు తాపినావక్కా?" అంది టీచరమ్మ.

"మూడు," అన్నాను నేల చూస్తూ.

"మా నాయనా సంతలో ఇదే పని చేసేటోడు. కొన్నోడు ఇంటికి తోలుకపొయ్యేలోగా పొట్టేలు సగమయ్యేది!" అని పడీపడీ నవ్వింది. తిడితే తట్టుకునేదాన్ని, ఆ నవ్వుకే కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడామె నర్సమ్మను బతిమాలి ఒక నెల గడువు తీసుకుని నా వైపు తిరిగింది. "ఒళ్లు ఆడితేనే ఆకలి పుడతాదక్కా. నువ్వు ఎగిరితే నీ బిడ్డా ఎగురుతాది."

"నేనా? సిగ్గుండొద్దూ?"

"సిగ్గు గంప కింద మూసిపెట్టు. నువ్వు మునగాకువి."

ఎగిరాను. నన్ను చూసి నా కూతురూ ఎగిరింది. కంచె అవతల ఆడవాళ్లు "ఏం మే, ఎవురు పూనినారు నీకు?" అని అరిచేవారు. "నీ సంగటి మాడతాండాది, పో మే!" అనేదాన్ని ఎగురుతూనే. నాలుగో రోజో ఐదో రోజో నా కూతురు పళ్లెం చాపి, "అమ్మా, ఇంగొంచెం సంగటి," అంది. కుండ ఖాళీ అయితే సంతోషించడం నా జన్మలో అదే మొదలు. టీచరమ్మ ఆ నెలంతా ఒక్కరోజూ విసుక్కోలేదు. తల్లి తప్పును తల్లిని తల దించుకోనీకుండా దిద్దిన మనిషిని ఆమె తర్వాత నేను చూడలేదు.

తర్వాతి తూకంలో చుక్క ఎరుపు దాటింది. టీచరమ్మ కార్డు చూపిస్తే, "సరేలే, గిన్నెలు తోమాల," అని ముఖం గంటు పెట్టుకుని వంటగది వెనక్కి వెళ్లాను. అటూ ఇటూ చూసి ఒక్క కప్పగంతు వేశాను. "మోకాళ్లు ఇంగా వంగాలక్కా!" అని కిటికీలోంచి కేక!

ఇప్పుడు మంచం దిగాలన్నా గోడ పట్టుకోవాలి. అంత ఎత్తు ఎగిరింది ఈ మోకాళ్లేనా అని వాటిని తట్టి నవ్వుకుంటాను. ఆ గొంతు మళ్లీ కేకేస్తే మాత్రం, ఏమో, గోడ వదిలేస్తానేమో.